ఇది నీ చేతి పనేనా?

రెండు మూడేళ్ళకోసారి మన పత్రికల్లో ఒకే కథనం పేర్లు మార్చుకుని వస్తూంటుంది. నగరంలో చదువుకున్న ఒక కళాకారిణి ఉన్న ఊరు వదిలేసి, శిల్పులకు పేరుబడ్డ ఊరికి వెళ్ళి స్థిరపడుతుంది. అక్కడి పెద్ద శిల్పి ముందు నవ్వుతాడు, తర్వాత మెత్తబడతాడు, చివరికి ఆమె చేతికి ఉలి ఇస్తాడు. కొంగు నడుముకు దోపుకుని సుత్తి పట్టుకున్న ఫోటో ఒకటి, దాని కింద ‘పురుషుల కోటలో తొలి మహిళ’ అన్న శీర్షిక. మార్చి 8 వచ్చిందంటే ఈ కథనం తప్పదు. స్త్రీల సంస్థలు వేసుకునే కరపత్రాల్లో కూడా దీనికి చోటు దొరుకుతూనే ఉంటుంది.

నాకు ఈ కథనంతో పేచీ ఉంది. వెళ్ళిన స్త్రీతో ఏ పేచీ లేదు. ఆమె పడ్డ కష్టం నిజమే, ఆమె పని నిజమే. కానీ ఈ కథనంలో ఊరు ఎప్పుడూ ఉదారంగా తలుపు తీసిన గృహస్తులాగా ఉంటుంది, ఆమె ఎప్పుడూ అతిథిలాగా ఉంటుంది. మగవాణ్ణి ఎన్నడూ అడగని ఏ రుజువులు ఆ ఊరు ఆమెను అడిగింది? ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ రాతిదుమ్ములోనే పెరిగిన ఆడవాళ్ళు ఎక్కడున్నారు? ఈ రెండూ ఎవరూ అడగరు. సమాజశాస్త్రం చదువుకున్న దాన్ని గనక నాకు ఈ రెండు ప్రశ్నలే ముఖ్యమనిపిస్తాయి. ఇవి అడగడానికి నేను కాస్త దూరం, రోము నగరం దాకా వెళ్తాను. శిల్పకళకు పుట్టినిల్లనిపించుకున్న ఊరికి స్త్రీలు వలస వెళ్తే ఏం జరిగిందో పందొమ్మిదో శతాబ్దపు రోములో జరిగినంత వివరంగా రికార్డయిన చోటు మరొకటి నాకు తెలియదు. ఉత్తరాలున్నాయి, పత్రికల రాతలున్నాయి, పరువునష్టం దావా బెదిరింపులు కూడా ఉన్నాయి.

అమెరికా నుంచి శిల్పులు రోముకో ఫ్లోరెన్సుకో ఎందుకు వెళ్ళేవారంటే, ‘కళాస్ఫూర్తి’ అని వాళ్ళు జీవితచరిత్రల్లో రాసుకున్నది సగం కారణమే. మిగతా సగం పాలరాయి, పనివాళ్ళు. కరారా గనుల రాయి దగ్గర్లో దొరికేది. తరతరాలుగా రాయి చెక్కడం తెలిసిన ఇటాలియన్ పనివాళ్ళు అమెరికాతో పోలిస్తే చవగ్గా దొరికేవారు. పురాతన శిల్పాలు కళ్ళముందు ఉండేవి. నమూనాలుగా నిలబడడానికి మనుషులు దొరికేవారు. పని పద్ధతి ఇలా ఉండేది: శిల్పి బంకమట్టితో నమూనా చేస్తాడు, చాలాసార్లు చిన్న సైజులోనే. దాన్ని పనివాళ్ళు పెద్దది చేసి ప్లాస్టరులో పోస్తారు. ఆ ప్లాస్టరు బొమ్మ మీద వందల చోట్ల గుర్తులు పెట్టి, కొలత పరికరంతో ఆ గుర్తుల లోతులు పాలరాతికి ఎక్కిస్తారు. ముతకపని ఒకరిది, బట్టల మడతలు ఒకరివి, జుట్టు, వేళ్ళు మరొకరివి. చివర్లో శిల్పి వచ్చి మెరుగులు దిద్దుతాడు, ఒక్కోసారి అదీ లేదు. బొమ్మ అడుగున పేరు మాత్రం ఆయనది. ఇది రహస్యమేమీ కాదు. అందరూ ఇలాగే చేశారు, ఎవరికీ తప్పనిపించలేదు, ఆడవాళ్ళు వచ్చి అదే పద్ధతిలో పనిచెయ్యడం మొదలుపెట్టే దాకా.

హారియట్ హాస్మర్ 1830లో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్‌లో పుట్టింది. శిల్పికి శరీరనిర్మాణం తెలియాలి. బోస్టన్‌లో వైద్య కళాశాల ఆడపిల్ల అని రానివ్వలేదు. సెయింట్ లూయిస్ దాకా వెళ్ళి, అక్కడ ఒక వైద్య కళాశాలలో డాక్టర్ మెక్‌డోవెల్ చెప్పగా ఆ శాస్త్రం నేర్చుకుంది. 1852లో రోము చేరి, జాన్ గిబ్సన్ అనే పేరున్న శిల్పి దగ్గర శిష్యరికం చేసింది. పదేళ్ళు తిరక్కుండానే ఆమె చేసిన జెనోబియా విగ్రహం, సంకెళ్ళతో నడుస్తూ కూడా తల వంచని రాణి విగ్రహం, 1862లో లండన్ ప్రదర్శనకి వెళ్ళింది.

మరుసటేడాది లండన్ పత్రికలు రెండింటిలో ఒక మాట అచ్చయింది. అదీ ఎక్కడ? చనిపోయిన ఇంకో శిల్పికి నివాళిగా రాసిన వ్యాసంలో, పుల్లవిరుపుగా. జెనోబియా మిస్ హాస్మర్ పేరుతో చలామణీ అవుతున్నది గానీ నిజానికి చేసింది రోములో ఒక ఇటాలియన్ పనివాడు అని. హాస్మర్ ఊరుకోలేదు. పరువునష్టం దావా వేస్తానంది, పత్రికల చేత తప్పు ఒప్పించింది. అంతటితో ఆగక 1864 డిసెంబరులో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో శిల్పం తయారయ్యే పద్ధతి మొత్తం, ఏ పని శిల్పిది, ఏ పని పనివాళ్ళది అన్నది, విడమర్చి రాసింది. పనివాళ్ళ సాయం తీసుకోవడం ఘనత వహించిన మగ శిల్పులందరూ చేస్తున్నదేనని గుర్తుచేసింది.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగాలి. హాస్మర్ చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్నది నిజం తెలుసుకోవాలన్న కుతూహలం కాదు కదా. ఆడదాని చేతికి అంత బలం ఉండదు, ఆడదాని బుర్రకి అంత ఊహ ఉండదు, కాబట్టి వెనక ఒక మగవాడు ఉండి తీరాలి అన్నది ముందే తేల్చుకున్న తీర్పు. ప్రశ్న ఆ తీర్పుకి తొడిగిన చొక్కా మాత్రమే. సిద్ధాంత వ్యాసం రాసిన ప్రతి స్త్రీకీ, వార్డు మెంబరుగా తీర్మానం ప్రవేశపెట్టిన ప్రతి స్త్రీకీ ఈ చొక్కా గుర్తుంటుంది. ‘మీ ఆయన రాసిచ్చాడా?’

అయితే హాస్మర్ సమాధానం నాకు పూర్తిగా తృప్తినివ్వదు. ఆమె స్టూడియోలో ఇరవై మందికి పైగా పనివాళ్ళతో తీయించుకున్న ఫోటో ఒకటి ఉంది. గడ్డాలు మీసాలు ఉన్న మగవాళ్ళ మధ్యలో ఆమె, పొట్టి మనిషి, యజమానిలా నిలబడి ఉంటుంది. చూడగానే గర్వంగా ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ ఆ ఇరవై మంది పేర్లు కళాచరిత్ర పుస్తకాల్లోకి ఎక్కలేదు. పనివాళ్ళ శ్రమ మీద పేరు వేసుకునే హక్కు మగ శిల్పికి ఉంటే నాకూ ఉండాలి అని ఆమె వాదించి గెలిచింది. ఆ హక్కు ఎవరికైనా ఎందుకుండాలి అని అడగలేదు. స్త్రీవాదం పేరుతో మనం సాధిస్తున్న చాలా సమానత్వాలు ఈ రకానివే.

చేతి పనికి రుజువు అడిగిన ఊరు నడవడికకు కూడా రుజువు అడిగింది. లూయిసా లాండర్ అనే శిల్పి 1855లో రోము వచ్చింది. 1858లో నథానియల్ హాథోర్న్ అనే ప్రఖ్యాత రచయిత ఆమె ముందు కూర్చుని తన బొమ్మ చేయించుకున్నాడు, ఇంటికి పిలిచి భోజనాలు పెట్టాడు. కొద్ది నెలల్లో పుకారు లేచింది, ఎవరితోనో ఉంటోందని, ఎవరి ముందో నమూనాగా నిలబడిందని. అక్కడి అమెరికన్ కళాకారుల్లో పెద్దలు కొందరు పంచాయితీ పెట్టారు. అమెరికా రాయబారి ముందు ప్రమాణం చేసి తన శీలం రుజువు చేసుకోవాలన్నారు. ఆమె చెయ్యనంది. హాథోర్న్ ఇంటి తలుపు మూసుకుంది, మిగతా తలుపులు కూడా ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఆమె రోము వదలాల్సి వచ్చింది. హాథోర్న్ మాత్రం 1860లో రోములోని కళాకారిణుల మీద ఒక నవల అచ్చు వేశాడు. అగ్నిప్రవేశాలు మన పురాణాల్లోనే ఉన్నాయని అనుకునేవాళ్ళకు ఈ కథ చెప్పాలి.

ఇక ఎడ్మోనియా లూయిస్. రోముకి వెళ్ళిన స్త్రీలందరిలో నాకు ఎక్కువగా పట్టింది ఆమే. ఎందుకంటే మిగతావాళ్ళకు ఉన్న డబ్బు గానీ, తెల్ల చర్మం గానీ, తండ్రి అండ గానీ ఆమెకు లేవు. 1844లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రి నల్లజాతివాడు, తల్లి ఒజిబ్వె ఆదివాసి స్త్రీ. చిన్నతనంలోనే ఇద్దరూ పోయారు. నల్లవాళ్ళనూ ఆడవాళ్ళనూ చేర్చుకుంటుందని పేరున్న ఒబర్లిన్ కళాశాలలో 1859లో చేరింది. 1862 జనవరిలో ఇద్దరు తెల్ల అమ్మాయిలకు వైన్‌లో విషం కలిపిందని ఆరోపణ వచ్చింది. కేసు తేలకముందే కొందరు ఆమెను ఎత్తుకుపోయి, చావగొట్టి, చలిలో పొలంలో పారేశారు. జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ అనే నల్లజాతి న్యాయవాది ఆమె తరఫున వాదించాడు, కేసు నిలవలేదు. మరుసటేడాది బొమ్మల సామాను దొంగిలించిందని ఇంకో ఆరోపణ. రుజువు కాకపోయినా చివరి టర్ముకు ఆమె పేరు నమోదు చెయ్యనివ్వలేదు. ఒబర్లిన్ ఆమెకు డిగ్రీ ఇచ్చింది 2022లో. ఆమె చనిపోయి అప్పటికి 115 ఏళ్ళు.

బోస్టన్ వెళ్ళి కాస్త పని నేర్చుకుని, జాన్ బ్రౌన్ బొమ్మతో పతకాలు, నల్ల సైనికుల దళానికి నాయకత్వం వహించి చనిపోయిన కల్నల్ షా బొమ్మలు చేసి అమ్మింది. ఆ డబ్బుతో 1865లో ఓడెక్కింది, 1866కల్లా రోములో ఉంది. ఎందుకు వెళ్ళావంటే, నా రంగు నాకు నిమిషనిమిషమూ గుర్తుచెయ్యని చోటు కోసం వెళ్ళానని తర్వాతి కాలంలో ఒక పత్రికకు చెప్పుకుంది. ఈ కారణం హాస్మర్‌కి లేదు, రోముకు వెళ్ళిన ఏ మగవాడికీ లేదు. కళ కోసం వలస అని మనం ఒక్క మాటలో తేల్చేసేదాంట్లో ఎన్ని రకాల పారిపోవడాలు కలిసి ఉంటాయో చూడండి.

రోములో ఆమె పద్ధతి వేరు. పాలరాయి తానే చెక్కేది. హాస్మర్‌ మీద వచ్చిన నింద ఆమెకు తెలుసు. ఒక నల్ల స్త్రీ మీద ఆ నింద పడితే దావా వేస్తానని బెదిరించే స్తోమత తనకు లేదనీ తెలుసు. పనివాళ్ళనే కాదు, ఇతర శిల్పులు సలహా ఇస్తామన్నా దూరంగా ఉండేది. వాళ్ళు ఒక్క చెయ్యి వేస్తే చాలు, మొత్తం వాళ్ళదే అయిపోతుంది. చేతిలో డబ్బు లేక కూడా పనివాళ్ళను పెట్టుకోలేదన్నది నిజమే. కానీ తన నిజాయితీకి తానే సాక్ష్యంగా బతకాల్సి రావడం ఎంత ఖరీదైన వ్యవహారమో ఆలోచించండి. మగ శిల్పి ఏడాదికి నాలుగు బొమ్మలు పంపించే చోట ఆమె తన రెండు చేతులతో ఎన్ని పంపగలదు? వివక్ష ఆమెను ఆపలేదు అని చెప్పుకోవడం మనకు ఇష్టం. ఎన్ని పనులు ఆపిందో లెక్కేసేవారు ఎవరు?

ఆమె మొదటి పెద్ద పనుల్లో ఒకటి ‘ఫరెవర్ ఫ్రీ’, 1867 నాటిది. తెగిన గొలుసు పైకెత్తి నిలబడ్డ నల్లజాతి పురుషుడు, పక్కన మోకాళ్ళ మీద ఉన్న స్త్రీ. ఇప్పుడు అది వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ స్త్రీ ఎందుకు మోకరిల్లింది, ఆమె ముఖం ఎందుకు తెల్లవాళ్ళ ముఖంలా ఉంది అని స్త్రీవాదులు చాలా చర్చించారు. స్త్రీ బొమ్మకు తన పోలికలు వస్తే అది కళ కాదు, తన కథే అనేస్తారని జాగ్రత్తపడిందని కొందరు పరిశోధకులంటారు. ఆ మాట నాకు నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. నాకు ఇంకా ఆసక్తి కలిగించేది ఆ బొమ్మ బోస్టన్ చేరిన తీరు. ఎవరూ ఆర్డరివ్వకుండానే ఆమె అప్పోసప్పో చేసి దాన్ని పాలరాతిలో చెక్కి, బోస్టన్‌లోని బానిసత్వ వ్యతిరేక ఉద్యమ పెద్దలకు పంపించింది, డబ్బు పోగుచెయ్యండి అని. ఆమెను మొదట్లో మెచ్చుకుని, పత్రికల్లో రాసి, చేయూతనిచ్చిన లీడియా మరియా చైల్డ్‌కి ఇది నచ్చలేదు. అడక్కుండా పాలరాయి ఎక్కడానికి ఎంత ధైర్యం, ముందు ఇంకా నేర్చుకోవాలి, చిన్న పనులు చేసుకోవాలి, పొదుపు తెలియాలి అని ఉత్తరాలు రాసింది. ఆ బొమ్మను మెచ్చుకోవడానికి ఆమెకు నోరు రాలేదు.

లీడియా చెడ్డ మనిషి కాదు. బానిసత్వానికి వ్యతిరేకంగా జీవితమంతా రాసి, అందుకు తన పాఠకుల్నీ ఆదాయాన్నీ పోగొట్టుకున్న మనిషి. అందుకే ఆమె ప్రస్తావన ఈ పత్రికలో అవసరం. ‘మన లబ్ధిదారులకు’ ఎంత పెద్ద కల కనడానికి అనుమతి ఉందో తేల్చే బల్ల దగ్గర మనలో చాలామందిమి కూర్చుంటాం. పచ్చళ్ళకీ, అప్పడాలకీ, కుట్టుమిషన్లకీ మంజూరు చేస్తాం. ఎవరైనా వచ్చి నాకు రాయి కావాలి, మూడు టన్నుల రాయి కావాలి అంటే, అమ్మా, ముందు చిన్నగా మొదలుపెట్టు అంటాం.

లూయిస్ చిన్నగా మొదలుపెట్టలేదు. 1876లో ఫిలడెల్ఫియా శతాబ్ది ప్రదర్శనకు ‘క్లియోపాత్రా మరణం’ పంపింది. బరువు మూడు వేల పౌన్లు దాటుతుంది. అందంగా నిద్రపోతున్నట్టు కాకుండా, చచ్చిపోయి వాలిపోయిన రాణిని చెక్కింది. చూసినవాళ్ళు జడుసుకున్నారు, మెచ్చుకున్నారు, కొనలేదు. ఆ తర్వాత ఆ విగ్రహం షికాగోలో ఒక సారాకొట్టు చేరి, అక్కణ్ణించి ఒక జూదగాడి చేతిలో పడింది. క్లియోపాత్రా అనే పేరున్న అతని పందెపు గుర్రం చస్తే దాని సమాధి మీద ఈ విగ్రహాన్ని పెట్టించాడు. దశాబ్దాల తరబడి ఎండకీ వానకీ ఉండి, తర్వాత సామాను యార్డులో పడి, 1994లో స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియానికి చేరింది. లూయిస్ 1907లో లండన్‌లో చనిపోయింది. ఆమె సమాధి ఎక్కడుందో కూడా ఈ శతాబ్దం దాకా లోకానికి తెలియదు.

ఈ స్త్రీలందరినీ కలిపి హెన్రీ జేమ్స్ అనే పెద్ద రచయిత 1903లో ఒక వాక్యంలో తేల్చేశాడు. పాలరాతి రంగు తెల్ల మంద అన్న అర్థం వచ్చేట్టు ఒక ముద్దుపేరు పెట్టాడు. అందులో ఒకామె నల్లది, ఆమె కీర్తికి కారణం ఆ రంగే అని చమత్కరించాడు. అతను ఆ మాటలు రాసిన పుస్తకం ఎవరి జీవితచరిత్రో తెలుసా? లాండర్ మీద పంచాయితీ పెట్టిన వాళ్ళకు ముందు నిలిచిన శిల్పి విలియం వెట్మోర్ స్టోరీది. చరిత్ర ఇట్లా రాయబడుతుంది.

మరి రోము ఆడవాళ్ళ మాటేమిటి? వీళ్ళంతా అమెరికా నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఊళ్ళో, చుట్టుపక్కల కొండపల్లెల్లో పుట్టిన బీద స్త్రీలు కూడా ఈ స్టూడియోల్లోకి వెళ్ళారు. స్పానిష్ మెట్ల మీద పల్లెటూరి దుస్తులు వేసుకుని కూర్చుని, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళి, గంటల లెక్కన నమూనాగా నిలబడేవారు. వాళ్ళ భుజాలు, మెడలు, పాదాలు యూరపు మ్యూజియాల్లో ఉన్నాయి. బయటినుంచి వచ్చిన స్త్రీకి ఉలి దక్కింది, ఊళ్ళో ఉన్న స్త్రీకి బట్టలిప్పి కదలకుండా నిలబడే పని దక్కింది. ఊరి శిల్ప సంప్రదాయానికి ఈ రెండింటి మధ్యా వైరుధ్యమేమీ కనబడలేదు.

రోము నుంచి ఇక మన ఊళ్ళకు రావచ్చు. మనకు ఆళ్ళగడ్డ ఉంది, దుర్గి ఉంది, సరిహద్దు దాటితే మామల్లపురం ఉంది. శిల్పం నేర్పడానికి మామల్లపురంలో 1957లో, తిరుపతిలో 1960లో ప్రత్యేక విద్యాసంస్థలు పెట్టారు. ఈ సంప్రదాయంలో స్త్రీ లేదని ఎవరనగలరు? గుళ్ళ నిండా ఆమే. రామప్ప గుడి మదనికలను చూడటానికి ప్రపంచమే వస్తోంది. ఆ గుడిని శిల్పి పేరుతోనే పిలుచుకుంటున్నామని గర్వంగా చెప్పుకుంటాం. బేలూరులో మదనికల కింద దాసోజ, చావణ లాంటి శిల్పులు తమ పేర్లు చెక్కుకున్నారు. అమరావతి స్తూపం రాళ్ళ మీద ఆడవాళ్ళ పేర్లు కూడా కనిపిస్తాయి, భిక్షుణుల పేర్లు, గృహిణుల పేర్లు. వాళ్ళు దానం ఇచ్చినవాళ్ళు. స్త్రీ రాతిలో బొమ్మ కావచ్చు, రాతికి దాత కావచ్చు. చెక్కినదానిగా మాత్రం ఆమె పేరు నాకెక్కడా తగల్లేదు.

ఆడదాని చెయ్యి సుత్తికి పనికిరాదని ఎవరైనా నాతో అంటే నేను వాళ్ళను దగ్గర్లోని క్వారీకి తీసుకెళ్తాను. వడ్డెర స్త్రీలు తరతరాలుగా మగవాళ్ళ పక్కన కూర్చుని రాయి కొడుతున్నారు. చంటిపిల్లను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి ఎర్రటెండలో కంకర కొడుతున్నారు. అక్కడ బలం చాలదని, స్త్రీ సుకుమారమని ఎవరికీ గుర్తు రాదు. రాయి కంకర అయ్యేటప్పుడు ఏ చెయ్యయినా పనికొస్తుంది. రాయి దేవుడయ్యేటప్పటికి ముట్టు గుర్తొస్తుంది, మడి గుర్తొస్తుంది, కులం గుర్తొస్తుంది, శాస్త్రం గుర్తొస్తుంది. ఈ రెండు రాళ్ళ మధ్య ఉన్న తేడా కూలి తేడా, గౌరవం తేడా. శరీర బలానికీ దానికీ సంబంధమే లేదు.

శిల్పుల ఇళ్ళలో మగవాళ్ళను అడిగితే నాకు ఎప్పుడూ దొరికే సమాధానం ఒకటే. “ఆడపిల్లకు నేర్పితే ఏం లాభమమ్మా, పెళ్ళయి పోతుంది, విద్య బయటికి పోతుంది.” వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ అమ్మాయిని ఇచ్చేది ఎవరికి? కులంలోనే, చాలాసార్లు అదే వృత్తి చేసే ఇంటికి. ఒక శిల్పి ఇంట్లోంచి ఇంకో శిల్పి ఇంటికే వెళ్తుంది. విద్య బయటికి పోవడానికి బయటంటూ ఎక్కడుంది? ఏ పనీ రాని కోడలుగా వెళ్ళి, మామగారి శిల్పశాలలో ఊడ్చి, నీళ్ళు పట్టి, బొమ్మలు రుద్దడానికి మాత్రం ఆమె కావాలి.

ఈ రుద్దే పని గురించి కొంచెం చెప్పాలి. చెక్కడం అయ్యాక విగ్రహానికి ఇంకా నునుపు రాదు. గరుకు రాయితో, తర్వాత సన్నరాయితో, ఎమరీ కాగితంతో, నీళ్ళు పోస్తూ రోజుల తరబడి రుద్దాలి. ముక్కు కొన ఎక్కువ రుద్దితే ముఖం పోతుంది. వేళ్ళ సందుల్లో, ఆభరణాల గుంటల్లో ఎంత ఒత్తిడి పెట్టాలో చేతికి తెలిసి ఉండాలి. కొన్నాళ్ళు చెయ్యగా చెయ్యగా మాత్రమే తెలిసే సంగతి ఇది. పక్కనే కట్టర్ మిషన్లు లేపే దుమ్ము అంతా ఊపిరితిత్తుల్లోకే. రాతిదుమ్ములోని సిలికా తెచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదని ఈ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. నేను చూసిన చోట్ల ఈ పని చేస్తున్నవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే, “నాదేముంది మేడమ్, ఆయన శిల్పం చేస్తాడు, నేను ఊరికే రుద్దుతాను” అన్నది ఒకామె, చేతులు నీళ్ళలోంచి తియ్యకుండానే. ఊరికే! పేరు పెట్టని నైపుణ్యానికి కూలి కూడా పెట్టరు.

చట్టం ఏమంటుంది? 1976 నాటి సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికి స్త్రీపురుషులకు ఒకే వేతనం ఇవ్వాలంది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కూడా ‘ఒకే రకమైన పని’ అంటే నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానంగా ఉన్న పని. పనినే రెండుగా చీల్చి, ఒక ముక్కకి ‘శిల్పం’ అనీ రెండో ముక్కకి ‘రుద్దడం’ అనీ పేరు పెట్టాక ఇక ఏ చట్టం ఏం చేస్తుంది? సొంత ఇంటి శిల్పశాలలో అయితే అసలు కూలి అన్న మాటే లేదు.

దీనికి తోడు పథకం. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. అందులో శిల్పులు, రాయి చెక్కేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు ఉన్నారు. నమోదైనవారికి గుర్తింపు కార్డు, సర్టిఫికెట్, శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల దాకా అప్పు. మంచిదే. కానీ నిబంధనల్లో ఒక చిన్న వాక్యం ఉంది. కుటుంబానికి ఒక్కరే నమోదు కావాలి. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. మన శిల్పుల ఊళ్ళో ఆ ఒక్కరు ఎవరవుతారో ఊహించడానికి డాక్టరేట్ అక్కర్లేదు. సర్టిఫికెట్ మీద శిల్పి ఆయన. రేపు ఆయన దుమ్ముకి దగ్గి దగ్గి పోతే ఆమె శిల్పి భార్య. ఇరవై ఏళ్ళు ఆమె రుద్దిన దేవుళ్ళు ఏ దేశాల్లో పూజలందుకుంటున్నా, ప్రభుత్వ రికార్డుల్లో ఆమెకు వృత్తి లేదు.

ఇంటికో ఇద్దరికి ఇస్తే దుర్వినియోగం అవుతుందని అధికారులంటారు. అవనివ్వండి. ఇప్పుడు జరుగుతున్నది దుర్వినియోగం కాక మరేమిటి? ఇద్దరి శ్రమకి ఒకరి పేరు.

ఇక్కడ నన్ను ఎవరైనా ఆపి, అయితే కళాకారిణులు ఆ ఊళ్ళకు వెళ్ళకూడదా అని అడగవచ్చు. ఎందుకు వెళ్ళకూడదు? మీరా ముఖర్జీ మ్యూనిక్‌లో శిల్పం చదువుకుని తిరిగివచ్చి, బస్తర్‌లో పోతపని చేసే ఘడ్వాల దగ్గరికి వెళ్ళి మైనం పోత నేర్చుకుంది. నేర్చుకున్నానని దాచలేదు. 1960ల్లో మానవశాస్త్ర సర్వే తరఫున దేశంలోని లోహపు పనివాళ్ళ గురించి తిరిగి రికార్డు చేసి, 1978లో పుస్తకం వేసింది. ఆ పుస్తకం ఆమె చేసిన విగ్రహాలకు ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. మన ఆదిలాబాదు వైపు ఓజాలు చేసే డోక్రా పని కూడా ఆ కోవలోదే. కనకా మూర్తి బెంగుళూరులో వాదిరాజు అనే సంప్రదాయ శిల్పి దగ్గర శిష్యరికం చేసి, 2021లో చనిపోయేదాకా రాతిలో దేవతా విగ్రహాలు చెక్కింది. ఆమె చెక్కిన విగ్రహాలకు పూజలు ఆగిపోలేదు, ఏ దేవుడూ అలిగి వెళ్ళిపోలేదు. ఇద్దరినీ గౌరవిస్తాను. కానీ వీళ్ళిద్దరి పేర్లూ తల్చుకుని, చూశారా తలుపు తెరిచే ఉంది అని వాదించేవాళ్ళతో నాకు కుదరదు. చదువు, పైకులం, నగరం, ఇంగ్లీషు, వీటిలో కొన్నయినా తోడుంటే గానీ తెరుచుకోని తలుపును తెరిచి ఉన్న తలుపు అనరు.

కాబట్టి ఈసారి మార్చికి ఎవరైనా ‘తొలి మహిళా శిల్పి’ ఫోటో తెచ్చిస్తే, వేద్దాం. వేసే ముందు, ఆ వ్యాసం రాసినవారిని మళ్ళీ ఒకసారి ఆ ఊరికి పంపుదాం. ఆ ఫోటోలో వెనక, నీళ్ళ తొట్టి పక్కన, తల మీద గుడ్డ కప్పుకుని వంగి కూర్చున్న మనిషి ఎవరో కనుక్కు రమ్మందాం. ఆమె పేరు, కూలి ఎంత, దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది, పంచాయతీ ఆఫీసులో విశ్వకర్మ దరఖాస్తు ఎవరి పేరు మీద వెళ్ళింది. ఇంట్లో రెండో దరఖాస్తు రాయించి, సర్పంచి సంతకం పెట్టనంటే ఆ పెట్టననడాన్ని కాగితం మీద తీసుకురమ్మందాం. ఆ కాగితాలు ఒక వంద పోగైతే వాటిని పట్టుకుని ఢిల్లీ వెళ్ళడానికి మన దగ్గర మనుషులున్నారు.